ఎలుగుబంటి కోసం నూరిన మసాలా

ఆ రోజుల్లో మా ఊళ్ళో సలహాలకు మాత్రం కరువుండేది కాదు. వానకు కరువు, తాగే నీళ్ళకు కరువు, కూలి పనికి కరువు, చివరికి ఎద్దులకు వేసే గడ్డికి కూడా కరువే గానీ, ఫలానావాడు ఫలానా పని చేయబోతున్నాడని తెలిస్తే చాలు, అదెలా చేయాలో చెప్పడానికి ఊరంతా చేతిలో పని పక్కన పెట్టి వచ్చేది. (చేతిలో పని ఉండేది కాదు కాబట్టి పక్కన పెట్టడం పెద్ద కష్టమూ కాదు.) అందువల్ల జీవితంలో ఒకే ఒక్కసారి, అదీ ఇరవై ఏళ్ళు నిండకముందు, ఎలుగుబంటి వేటకు వెళ్ళిన నాకు ఆ విషయంలో ఉన్నంత జ్ఞానం అసలు వేటగాళ్ళకు కూడా ఉండదని నా నమ్మకం. అది ఎదురైతే ఏం చేయాలి, ఏం చేయకూడదు, కోస్తే ఏ భాగం దేనికి పనికొస్తుంది, కూరలో ఏమేం పడాలి, అన్నీ నాకు తెలుసు. ఎవరూ అడగరు గానీ, అడిగితే ఇప్పటికీ చెప్పగలను.

కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో వేలాడుతూ వస్తే, ఆటో ఇక ముందుకు పోనని మొరాయించే చోట మా ఊరు మొదలవుతుంది. ఊరి వెనక బండరాళ్ళ గుట్ట, గుట్ట కింద మా వేరుశనగ చేను. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న సంవత్సరం అది. అంతకుముందు వరసగా పంటలు పోయి ఉన్నాయి. ఆ ఏడు మాత్రం, మా మీద ఎవరికి జాలి కలిగిందో, విత్తనానికి వాన పడింది, కలుపుకు వాన పడింది. ఊడలు దిగే వేళకు చేను పచ్చగా ఒళ్ళు చేసి కళ్ళు తిప్పుకోనివ్వలేదు. మా నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని, చేను వైపే చూస్తూ నాతో అన్నాడు: "ఈ పంట చేతికొస్తే ఈడ్నే ఉండి సేద్యం చేసుకో. రాలేదనుకో, మీ పెద్దనాయన కొడుకెనకాల బెంగళూరు బస్సెక్కు. ఇంగ నేను చెప్పేదేమీ లేదు." నాకు బెంగళూరు పోవడం ఇష్టం లేదు. ఒకసారి పోయి చూశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగితే తిన్నావా అని అడిగిన మనిషి లేడు. కాబట్టి ఆ పంట చేతికి రావడం మా నాయన కన్నా నాకే ఎక్కువ అవసరమని నేను అనుకునేవాణ్ణి. (ఆయన ఏమనుకునేవాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.)

సరిగ్గా కాయ ఊరుతున్నప్పుడు, తెల్లవారి చూస్తే గుట్ట వైపు మూలలో మొక్కలు పెరికి పడేసి ఉన్నాయి. కాయలు లేవు, పొట్టు మాత్రం ఉంది. మర్నాడు ఇంకొంచెం. పందులేమో అనుకుని మా తుపాకి మామను పిలుచుకొచ్చాం. ఆయన మా అమ్మకు తమ్ముడు. ఆయనకు తుపాకి లేదు, ఎన్నడూ లేదు. టీ అంగట్లో కూర్చుని ఆయన పేల్చే కబుర్లను బట్టి ఊరు పెట్టుకున్న పేరది. మామ మోకాళ్ళ మీద కూర్చుని, అడుగుజాడను వేలితో కొలిచి, మట్టి వాసన చూసి లేచాడు.

"బావా, ఇది ఎలుగ్గొడ్డు."

"గోర్ల గుర్తుల్లేవు గదప్పా," అన్నాడు మా నాయన. ఆ మాట నిజమే. ఎలుగుబంటి జాడంటే మనిషి పాదం ముందు గోళ్ళు గుచ్చుకున్నట్టు ఉండాలి. ఇది ఉత్త పాదమే.

"గోర్లు అరిగిపోయినాయంటే ముసల్ది. ముసల్దానికి పొగురు ఎక్కువుంటాది బావా, నీకు తెల్దు."

ఆ సాయంత్రం టీ అంగట్లో ఇదే మాట. ఫారెస్టు వాళ్ళకు తెలిస్తే లోపలేస్తారని ఒకరు, తెలిస్తే కదా అని మామ, అసలు దాని ముందుకు ఎవరు పోతారని ఇంకొకరు. అందరూ ఎవరి గ్లాసులోకి వాళ్ళు చూసుకుంటున్న ఆ క్షణంలో, "నేను పోతాండా," అన్న మాట వినిపించింది. ఎవరా అని చూస్తే నేనే. ఇంటర్ తప్పిన కుర్రవాడికి ఊళ్ళో పేరు తెచ్చుకునే అవకాశాలు ఎక్కువ రావు. వచ్చినప్పుడు నోరు మెదడును అడగదు.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఎలుగుబంటి తరిమితే దిగువకు పరుగెత్తాలి, అప్పుడు దాని జుట్టు కళ్ళ మీద పడి దారి కనబడదన్నాడు మామ. కాదు, మిట్టకు పరుగెత్తాలి, దానికి ఆయాసం ఎక్కువన్నాడు టీ అంగడాయన. చెట్టెక్కమన్నారు, అది నీ కన్నా బాగా ఎక్కుతుందని వాళ్ళే గుర్తు చేసుకుని వద్దన్నారు. చచ్చినట్టు పడుకోమన్నారు. పడుకున్నా ముఖం మాత్రం నేలకు ఆనించుకోమన్నారు. (ఎందుకని అడిగితే, ఇంకా పెళ్ళి కావలసినవాడివి కదా అన్నారు.) తలకు నూనె పెట్టుకోవద్దు, గుళ్ళో దీపాల నూనె తాగే జంతువు, నీ తల వదలదన్నారు. నేనన్నీ బుద్ధిగా విన్నాను. ఇంటికొచ్చి పడుకున్నాక ఒక సంగతి తట్టింది. ఇంతమంది ఇన్ని చెప్పినా, ఎలుగుబంటిని ఎలా చంపాలో ఒక్కరూ చెప్పలేదు. అది నన్ను చంపబోతే ఏం చేయాలన్నదే అందరి ఆలోచనా.

చంపాక ఏం చేయాలన్న దాని మీద మాత్రం ఎవరికీ అనుమానాలు లేవు. మా వైపు యాటను, అంటే మేకనో పొట్టేలునో, కోస్తే మాంసాన్ని పోగులు పెట్టి పంచుకుంటారు. ఎవరి పోగు ఎవరిదో కోయకముందే చెప్పుకోవాలి, చెప్పుకున్నాక మాట తప్పకూడదు. ఆ మర్యాదంతా గుట్ట మీద హాయిగా తిరుగుతున్న ఎలుగుబంటికీ వర్తించింది. తల, తోలు మామకు. కార్జం టీ అంగడాయనకు. కొవ్వు మా అవ్వకు, మోకాళ్ళకు రుద్దుకోవడానికి. పక్కింటి పెద్దమ్మ బొమికలు చాలంది, ఆమె కుక్కకు. కూర సంగతికొస్తే, ఎలుగు మాంసం వేడి కాబట్టి పసుపు నీళ్ళలో నానబెట్టి, మొదటి ఉడుకు నీళ్ళు పారబోసి, ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలు, చెక్కా లవంగం, బాగా వెల్లుల్లి వేసి నూరి పెట్టాలని ఆడవాళ్ళు తేల్చారు. ఊళ్ళో ఎలుగు మాంసం తిన్నవాళ్ళు ఒక్కరూ లేరు, దాని రుచి గురించి మాత్రం రెండు వర్గాలున్నాయి. మా నాయన ఒక మూల నుంచి అన్నాడు: "ముందర దాన్నొక మాట అడగండప్పా, ఇస్తాదో లేదో." ఎవరూ పట్టించుకోలేదు.

మా అవ్వ మాత్రం నన్ను లోపలికి పిలిచి, ట్రంకు పెట్టె అడుగు నుంచి నల్లదారానికి గుచ్చిన రాగి తాయెత్తు తీసింది. చిన్నప్పుడు నేను పీర్ల పండగ తప్పెట్లకు దడుచుకుని, జ్వరం తెచ్చుకుని, నెలల తరబడి ఏ చప్పుడైనా చెవులు మూసుకునేవాణ్ణట. అప్పట్లో ఏటా ఎండాకాలం మడకశిర వైపు నుంచి ఎలుగుబంటి తాత అని ఒకాయన వచ్చేవాడు, కన్నడం, ఉర్దూ, తెలుగు మూడూ కలిపి మాట్లాడుతూ, ముక్కుతాడు వేసిన ఎలుగుబంటితో. డమరుకం వాయించి కట్టె ఎత్తితే అది లేచి ఆడేది. దాని పేరు చాందు. ఒక చెవి సగం చిరిగిపోయి ఉండేది. దడుపు పోవాలని అవ్వ నన్ను దాని వీపు మీద ఎక్కించి, దాని వెంట్రుకలు రెండు పీకించుకుని తాయెత్తులో పెట్టించింది. దడుపు పోయింది. కొన్నేళ్ళుగా ఆ తాత రావడం లేదు, ఎలుగుబంట్లను ఆడించకూడదని సర్కారు వాళ్ళు పట్టుకుంటున్నారని చెప్పుకునేవారు.

"ఎలుగ్గొడ్డు ఎంటిక కట్టుకున్నోన్ని ఎలుగ్గొడ్డు ముట్టదు," అంటూ అవ్వ దాన్ని నా చేతికి కట్టింది. "తన పిల్లోడే అనుకుంటాది. కొవ్వు మాత్రం మర్సిపోగాకురా."

మామ వేసిన పథకం ఇది. తూర్పు తెల్లబడే వేళ ఆయన గుట్ట కింది పెద్ద బండ మీద నుంచి తప్పెట కొడతాడు. ఆ చప్పుడుకు బెదిరి అది ఇటు పరుగెత్తుకొస్తుంది. ఇటు నేను మా తాతల నాటి పందుల ఈటె రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉంటాను. తర్వాత పని ఈటె చూసుకుంటుంది. బండ మీద ఎవరుండాలి, కింద ఎవరుండాలి అన్న ప్రశ్న నేను అడిగేలోగా మామ బండ తనదని తేల్చేశాడు. నాయన వస్తానన్నాడు గానీ, మనుషుల వాసన ఎక్కువైతే రాదని మామ ఆయన్ను ఊళ్ళోనే ఆపాడు. మేము బయల్దేరేటప్పటికే ఇళ్ళల్లో రోళ్ళ చప్పుడు వినబడుతోంది. మసాలా వాసన చేను దాకా మాతో వచ్చింది.

అది ఉంది. మొక్కల మధ్య నల్లగా, మాకు వీపు పెట్టి, మట్టి తోడుకుని తింటోంది. నేను చెయ్యి ఊపాను. మామ తప్పెట అందుకున్నాడు. దరువు గబగబా, ఒకదాని మీద ఒకటి పడుతోంది. ఎలుగుబంటి తల ఎత్తింది. బెదరలేదు, పరుగెత్తలేదు. నా వైపు తిరిగింది. నేను మామ చూపించినట్టే ఈటెను రెండు చేతులా పైకెత్తాను. అది రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది.

ఆ క్షణంలో నాకు ఒక్క సలహా కూడా గుర్తు రాలేదు. దిగువ ఎటో, మిట్ట ఎటో తెలియలేదు. అది ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు ఊగింది. మళ్ళీ ఇటు ఊగింది. మీద పడేముందు అలా చేస్తుందేమో అనుకున్నాను. తర్వాత నిదానంగా తన చుట్టూ తాను తిరిగింది. మామ దరువు ఎంత వేగమైతే దాని తిరుగుడూ అంత వేగమైంది. తిరిగి తిరిగి, నా ఎదుట నిలబడి, ముందు కాలు ఎత్తి నుదుటికి ఆనించింది. సలాం. అప్పుడు చూశాను, ఒక చెవి సగం లేదు. ముక్కు మీద తాడు లేదు గానీ, తాడు ఉన్న రంధ్రం ఉంది.

"మామా, ఆపు," అని అరిచాను. మామ కళ్ళు మూసుకుని ఉన్నాడు. నా అరుపు విని, ఎలుగుబంటి నన్ను చీలుస్తోందనుకుని ఇంకా గట్టిగా కొట్టాడు. పాపం, అది ఇంకా గట్టిగా ఆడింది. రొప్పుతోంది, నోటి నుంచి నురగ కారుతోంది, ఒక వెనక కాలు కుంటుతోంది, అయినా ఆపడం లేదు. తప్పెట మోగుతుంటే, కట్టె పైన ఉంటే, ఆపకూడదని దానికి ఎప్పుడో నేర్పారు. నా భయం ఎటు పోయిందో పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఎత్తిన ఈటెను దించాలన్న ఆలోచన అంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఈటె కింద పారేశాను. సరిగ్గా అప్పుడే మామ చేతిలోని పుల్ల విరిగి ఎగిరిపోయి తప్పెట కూడా ఆగింది. ఎలుగుబంటి ధబ్బున కూలబడి, ముందు కాలు నా ముందు చాపింది, ఆట అయ్యాక ఊరివాళ్ళ ముందు చాపినట్టే. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. వంగి అది పెరికిన మొక్కనే తీసుకుని, నాలుగు కాయలు దాని ముందు పెట్టాను. అవి మావే.

తిరుగు ప్రయాణం గురించి చెబితే నమ్మరు గానీ, అది నా వెనకే వచ్చింది. పొమ్మని చెయ్యి ఎత్తితే లేచి నిలబడి సలాం పెట్టేది, అందుకని చేతులు దించుకుని నడిచాను. మనిషి వెనక నడవడమే దానికి తెలిసిన దారి. మామ చాలా దూరంలో, పొలం గట్లు దాటుకుంటూ, "అల్లుడూ, ఎనక్కి చూడొద్దు, వస్తాండాది," అని చెబుతూనే ఉన్నాడు. ఆయన నుంచి నేను పొందిన ఆఖరి సలహా అది.

ఊరి మొదట్లో జనం గిన్నెలు, సట్లు పట్టుకుని మాట్లాడుకుంటూ నిలబడి ఉన్నారు. ముందు నేను ప్రాణాలతో కనబడినందుకు సంతోషించారు, తర్వాత నా వెనక చూశారు. గిన్నెలన్నీ ఒక్కసారి నేల మీద మోగాయి. క్షణంలో వీధి ఖాళీ. మిగిలింది ఒక్క మా అవ్వ. ఆమె ధైర్యవంతురాలై మిగలలేదు. మోకాళ్ళ నొప్పులతో అరుగు మీద నుంచి లేవలేకపోయింది. ఎలుగుబంటి నేరుగా పోయి ఆమె ముందు కూర్చుని కాలు చాపింది. అవ్వ చాలాసేపు చూసింది. చిరిగిన చెవిని వేలితో తాకింది.

"ఒరే, ఇది మన చాందు గదరా," అంది. తర్వాత ఆ వేలు వెనక్కి తీసుకుంది. "దీనిదా నేను కొవ్వు అడిగిండేది."

కొవ్వు కోసం తెచ్చుకున్న సట్టి ఆమె పక్కనే ఉంది. అందులో నాతో రాగి సంగటి వేయించి, బెల్లం ముక్క పెట్టి దాని ముందుకు జరిపింది. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ఈ చాందు వీపు ఎక్కనివాడు ఆ ఊళ్ళో నా వయసువాళ్ళలో లేడు, దాని వెంట్రుక కట్టని తల్లి లేదు. టీ అంగడాయన కార్జం గిన్నెలో పాలు పోసుకొచ్చాడు. పక్కింటి పెద్దమ్మ, బొమికలడిగిన ఆమె, పుట్నాలు తెచ్చింది. మాంసం కోసం తెచ్చిన ప్రతి గిన్నే దాని ముందుకు వచ్చింది. నోట్లో కోరలు లేవు, ఎప్పుడో ఊడబీకారు. మెత్తనివే ఏరుకుని తింటోంది. గుట్ట మీద పుట్టలు తవ్వుకోవడానికి గోళ్ళు కూడా లేవు, అందుకే మెత్తగా దున్నిన మా చేనుకు వచ్చింది. ఆ తాత పోయాడో, పోలీసులకు భయపడ్డాడో, ఇంత బెల్లం పెట్టిన ఊరు దగ్గరని ఇక్కడ వదిలాడో మాకు తెలియలేదు. మామ కూడా అప్పటికి చేరుకుని, గోళ్ళ గుర్తులు లేనప్పుడే తనకు అనుమానం వచ్చిందని అందరికీ చెబుతున్నాడు.

నా భయమంతా నాయన గురించే. పంట తిన్నది అది, ఆయనకున్నది ఆ పంట. ఆయన దాని ముందు గొంతుక్కూర్చుని, జేబులోంచి కాయలు తీసి, ఒలిచి, గింజలు అరచేతిలో పెట్టి చాపాడు. "చేన్లో నిలబడి తిన్యావు. ఇంటికొచ్చినావు, కూచోని తిను," అన్నాడు.

ఆయనే నన్ను కళ్యాణదుర్గం పంపి ఫారెస్టు వాళ్ళకు చెప్పించాడు. వాళ్ళు బోనున్న బండి తెచ్చారు. బెంగళూరు దగ్గర ఇలాంటి ఎలుగుబంట్లనే పెట్టుకునే అడవి ఉందని, అక్కడికి పంపిస్తామని చెప్పారు. "ఆడ సంగటి పెడతారా నాయనా?" అని అవ్వ డ్రైవరును అడిగింది. "పెడతారవ్వా," అన్నాడతను. పెట్టకపోతే తానే పెట్టేటట్టు అన్నాడు.

బండి పోయాక ఊళ్ళో మిగిలింది మసాలా. ఇంటింటా నూరి పెట్టింది, పారేస్తే మనసొప్పదు. ఆ రోజు అందరి పెరట్లోనూ ఉన్నది వంకాయే. ఆ మధ్యాహ్నం ఊరంతా ఎలుగుబంటి మసాలాతో వంకాయ కూర తిన్నది. రుచి గురించి ఈసారి రెండు వర్గాలు లేవు. అప్పటి నుంచి మా ఊళ్ళో ఆ కూరను ఎలుగు కూర అనే అంటారు. కొత్త కోడళ్ళు పేరు విని కంచం ముందు నుంచి లేచిపోయిన సందర్భాలున్నాయి.

పంట నిలబడిందా అంటే, ఎలుగుబంటి నుంచి నిలబడింది. ఆ తర్వాత ఒక్క చినుకు పడలేదు. పచ్చగా ఉన్న చేను మా కళ్ళ ముందే వాడి, లోపల గింజ ముడుచుకుపోయింది. పెరికి కుప్ప వేసిన రోజున నాయన ఒక కాయ చిదిపి చూసి, గుట్ట వైపు మూలను చూసి, "పోనీలే, అదన్నా కడుపు నిండా తినింది," అన్నాడు. నేను బెంగళూరు బస్సెక్కాను. ఆయన బస్టాండు దాకా వచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం ఇంకేమీ చెప్పలేదు గానీ, బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరకొచ్చి, "యాళకు తిను," అన్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత, ఒక ఆదివారం, నా భార్యనూ కూతుర్నీ తీసుకుని ఆ అడవికి పోయాను. కంచె అవతల చెట్ల మధ్య ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి. ఒకటి కొంచెం దూరంలో పుచ్చిన మొద్దును ముందు కాళ్ళతో దొర్లిస్తూ, కింద చీమల కోసం వెతుక్కుంటోంది. బాగా ముసలిది. చెవి చిరిగింది. అదేనో కాదో ప్రమాణం చేసి చెప్పలేను. చుట్టూ ఎవరూ చూడకుండా, ఒక చెయ్యి నిదానంగా పైకెత్తాను, కట్టె ఎత్తినట్టు. అది తల తిప్పి నన్ను చూసింది. ఒక్క నిమిషం చూసి ఉంటుంది. లేవలేదు. కాలు నుదుటికి ఎత్తలేదు. మళ్ళీ తల తిప్పుకుని తన మొద్దు తాను దొర్లించుకోసాగింది.

మర్చిపోయింది. నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఎత్తిన చెయ్యి ఊరికే దించడం బాగుండదని, నేనే నుదుటికి ఆనించి సలాం పెట్టాను. నా కూతురు నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, "నాయనా, నీకిది ఎవరు నేర్పించినారు?" అని అడిగింది.